పుదుచ్చేరి పచ్చబొట్టు: సటీకా తాత్పర్యము

అవతారిక. శుక్రవారం రాత్రి హైదరాబాదులోనో బెంగళూరులోనో బస్సెక్కి, శనివారం పొద్దున పుదుచ్చేరిలో దిగే తెలుగు కుర్రవాడికి మూడు కోరికలుంటాయి. సముద్రంలో మునగాలి. తక్కువ ధరకు దొరికే మందు తాగాలి. లోకంలో ఇంకెవరి ఒంటిమీదా లేని పచ్చబొట్టొకటి వేయించుకోవాలి. ఈ మూడూ ఒక్క వారాంతంలో ఇమడవు. ఆ సంగతి చెప్పే గ్రంథం ఒకటుంది. అది టాటూ స్టూడియోవాళ్లు వాట్సాప్‌లో పంపే జవాబు. నిడివి ఎనిమిది తొమ్మిది వాక్యాలు. అందరూ దాన్ని బొటనవేలితో పైకి నెట్టేసి, "మొత్తం ఎంతవుద్ది బ్రో?" అని మాత్రం అడుగుతారు. సూత్రం ఎంత పొట్టిదైతే భాష్యం అంత పొడుగ్గా ఉండాలన్నది మన శాస్త్ర సంప్రదాయం కనుక, ఆ జవాబుకు టీకా తాత్పర్యం రాయక తప్పలేదు.

వ్యాఖ్యాత అధికారం ఏమిటని అడిగేవాళ్లుంటారు. పుదుచ్చేరికీ తెలుగు లక్షణగ్రంథానికీ పాత చుట్టరికమే ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే కొలువులో దుబాసీగా చక్రం తిప్పిన ఆనందరంగ పిళ్లె 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాసుకుంటే, కస్తూరి రంగకవి ఆయన పేరు పెట్టి తెలుగులో ఒక ఛందశ్శాస్త్రమే రాశాడు. అదే ఆనందరంగరాట్ఛందము. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో యానాం అనే తెలుగు ముక్క ఈనాటికీ ఉంది. ఇన్ని తెలుగు చర్మాలు తిరిగే ఊళ్లో ఒక తెలుగు టీక ఉండటం న్యాయం. కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చి కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. ఇక్కడ ఆ మాటలో మొదటి సగానికే పూచీ.

మూలము. "హాయ్ బ్రో. కస్టమ్ డిజైన్ అయితే ముందు కన్సల్టేషన్‌కి రండి. రిఫరెన్స్, సైజు, ప్లేస్‌మెంట్ పంపండి. అడ్వాన్స్ కడితేనే డేట్. అడ్వాన్స్ నాన్ రిఫండబుల్. వచ్చేముందు బాగా తినండి. నో ఆల్కహాల్. రెండు వారాలు బీచ్ వద్దు. టచప్ ఫ్రీ."

ఇది ఏ ఒక్క దుకాణం సొత్తూ కాదు, ఈ జాతి జవాబులన్నిటినీ వడపోసి కూర్చిన పాఠం. "హలో మేడమ్" అనీ "వణక్కం" అనీ పాఠాంతరాలున్నాయి. "రెండు వారాలు" అన్నచోట కొన్ని ప్రతుల్లో "మూడు వారాలు" అని ఉంది. రెండో పాఠమే గ్రాహ్యం. కారణం కింద తెలుస్తుంది.

"హాయ్ బ్రో." కావ్యారంభంలో ఆశీస్సో, నమస్కారమో, వస్తునిర్దేశమో ఉండాలని ఆలంకారికుల నియమం. ఇది నమస్కారం. అరవై దాటిన బ్యాంకు మేనేజరుగారికి కూడా ఇదే వస్తుంది. నొచ్చుకోనక్కర్లేదు.

"కస్టమ్ డిజైన్ అయితే." ఈ 'అయితే'లో ఒక శతాబ్దపు మార్పు దాగి ఉంది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి వెలువరించిన ఏడు సంపుటాల దక్షిణభారత కులాల గ్రంథంలో కొరవ స్త్రీల పచ్చబొట్టు విద్య గురించి వివరంగా ఉంది. మనవైపు ఎరుకలవాళ్లన్నా వీళ్లతో చుట్టరికమున్నవాళ్లే. సిరా తయారీ ఇది. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి పలచటి గుడ్డలో వేసి వత్తిగా చుడతారు. ఆముదం దీపంలో ఆ వత్తి వెలిగించి, పైన కొత్త కుండ బోర్లిస్తారు. నూనె అయిపోయాక కుండకు పట్టిన మసిని చనుబాలతోనో నీళ్లతోనో కలుపుతారు. నాలుగైదు కుట్టుసూదులు దారంతో కట్టి పొడుస్తారు. బొమ్మలంటే తేలు, పిట్ట, చేప, పువ్వు, నామం. లేదా ఉత్త చుక్కలు. కూలి డబ్బు రూపంలోనో బియ్యం రూపంలోనో ముట్టేది. పాట పాడుతూ పొడిచేది అవ్వ, పిల్ల ఏడుపు పాటలో కలిసిపోయేది.

అక్కడ గమనించవలసిన విశేషం సిరా కాదు. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన 5,300 ఏళ్లనాటి ఓట్జీ శవం మీద లెక్కకొచ్చిన 61 పచ్చబొట్లూ మసితో వేసినవే. నల్లదనానికి మనిషి ఆనాటినుంచీ బొగ్గునే నమ్ముకున్నాడు. అసలు విశేషం ఏమిటంటే, ఆ రోజుల్లో అమ్మకున్న బొట్టే కూతురికి, అత్తకున్న తేలే కోడలికి. ఊళ్లో అందరికీ ఉన్నది తనకు లేకపోతే నామోషీ. ఇప్పుడు ఊళ్లో ఎవరికైనా ఉన్నది తనకుంటే నామోషీ. 1891 డిసెంబరులో న్యూయార్క్‌కు చెందిన శామ్యూల్ ఓ'రైలీ, ఎడిసన్ కనిపెట్టిన ఎలక్ట్రిక్ పెన్నును మార్చి సూదికి మోటారు తగిలించి పేటెంటు పుచ్చుకున్నాడు. పొడిచే వేగం ఆనాడే మారింది. ఎవరి బొమ్మ ఎవరు పొడిపించుకోవాలన్న లెక్క మాత్రం మన దగ్గర నిన్నమొన్న మారింది.

కనుక కస్టమ్ అనగా గోడకు అంటించిన, ఆల్బమ్‌లో పెట్టిన బొమ్మల్లోంచి వేలు పెట్టి చూపించేది కాక, ఒక్కడి కోసం కొత్తగా గీయించేది.

పూర్వపక్షం: పింటరెస్ట్‌లో దొరికిన బొమ్మ అచ్చం దించమంటే కస్టమ్ కాదా? కాదు. అది ఇంకెవరి ఒంటికోసమో ఇంకెవరో గీసినది. పేరున్న ఆర్టిస్టు దాన్ని ఆధారంగా పుచ్చుకుంటాడు కాని నకలు చెయ్యడు. తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ నాగచైతన్య ముంజేతి మీది మోర్స్ కోడ్ గీతలు. అభిమానులు కొందరు వాటిని అందంగా ఉన్నాయని దించేసుకున్నారు. అవి తన మొదటి పెళ్లి తేదీ అనీ, దయచేసి కాపీ కొట్టొద్దనీ ఆయనే చెప్పవలసి వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి పెళ్లి తేదీని జీవితాంతం మోయడానికి అభిమానం ఒక్కటే కారణమైతే సరే. డిజైన్ నచ్చి వేయించుకున్నవాడి సంగతే కష్టం.

"కన్సల్టేషన్‌కి రండి." పావుగంటో అరగంటో పట్టే సంభాషణ. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకు వీడియో కాల్‌లోనే జరుగుతుంది. జరగాలి కూడా, ఎందుకంటే శనివారం మధ్యాహ్నం తలుపు తోసుకొచ్చి ఆదివారం సాయంత్రానికి సొంత డిజైన్ కావాలంటే దొరికేది ఆల్బమ్ బొమ్మే. ఈ సంభాషణలో ప్రశ్నలు రెండువైపులా ఉండాలి. ఆర్టిస్టు అడిగేవి: 18 నిండాయా, ఆధార్ ఉందా? షుగరుందా? రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? గర్భమా? పాత గాయాల మచ్చలు ఉబ్బెత్తుగా పెరిగాయా? ఈ ఆఖరి ప్రశ్న కీలాయిడ్ గురించి. మన చర్మాలకు ఆ గుణం కాస్త ఎక్కువ. ఈ ప్రశ్నలేవీ అడగని చోటు నుంచి మర్యాదగా లేచి వచ్చేయడమే మేలు.

కస్టమరు అడగవలసింది ప్రధానంగా ఒకటే. మానిన పచ్చబొట్ల ఫొటోలు చూపించమనాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించేవి సూది తీసిన పది నిమిషాలకు, లైటు కింద, నూనె రాసి తీసినవి. అప్పుడు ఎవరి పనైనా మెరుస్తుంది. ఏడాది తర్వాత ఆ గీత ఎలా ఉందో, చామనఛాయ చేతిమీద ఆ లేత రంగు మిగిలిందో లేదో చూపగలిగినవాడు పనివాడు. తెల్లసిరా, లేత గులాబీ వంటివి మన ఛాయలో తొందరగా కలిసిపోతాయి. నలుపు నిలబడుతుంది. ఏ బ్రాండు సిరా వాడతారని అడగడమూ తప్పు కాదు. ఈ ఊరికి పాత యజమాని అయిన ఫ్రాన్సుతో సహా ఐరోపా సమాఖ్య దేశాలన్నిటా 2022 జనవరి నుంచి టాటూ సిరాల్లో వేల రసాయనాల మీద ఆంక్షలొచ్చాయి. బాగా వాడుకలో ఉన్న ఒక నీలి, ఒక ఆకుపచ్చ వర్ణకం 2023 జనవరి నుంచి అక్కడ పూర్తిగా నిషిద్ధం.

"రిఫరెన్స్, సైజు, ప్లేస్‌మెంట్." ద్వంద్వ సమాసం, మూడు పదాలూ సమాన ప్రాధాన్యం కలవి. ముందు సైజు. చాలాచోట్ల ధర చదరపు అంగుళానికి ఇంతని, పెద్ద పనులకు గంటకో సిట్టింగుకో ఇంతని ఉంటుంది. రెండు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల పొడవున్న బొమ్మ 6 చదరపు అంగుళాలు. "కొంచెం పెద్దది చేద్దాం బ్రో" అని రెండువైపులా రెట్టింపు చేస్తే 24. బిల్లు చూసి గుడ్లు తేలేసేవాళ్లలో ఇంజినీర్లే ఎక్కువ కావడం ఈ వ్యాఖ్యాతకు అంతుబట్టని విషయం. ఎంత చిన్నదైనా కనీస ఛార్జీ ఒకటుంటుంది. చుక్కంత బొమ్మకైనా కొత్త సూది విప్పాలి, బల్ల తుడవాలి, గ్లవ్స్ మార్చాలి.

ఇక అక్షరాలు. తెలుగువాడు పుదుచ్చేరిలో వేయించుకునే సొంత డిజైన్లలో అమ్మ పేరో, బిడ్డ పేరో ఉండటం మామూలే. ఇక్కడ జాగ్రత్త రెండింతలుండాలి. తమిళదేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు లెక్కలేనన్ని. ఆర్టిస్టు నాయుడుగారబ్బాయో, రెడ్డియారబ్బాయో అయి, "ఏమండీ బాగున్నారా" అని చక్కగా పలకరించవచ్చు. అయినా లిపి రాకపోవచ్చు. అతనికి మన అక్షరం ఒక బొమ్మ. ఆ బొమ్మను కంప్యూటర్లో అతికించేటప్పుడు, ఒత్తులు కలపడం తెలియని డిజైన్ సాఫ్ట్‌వేర్లో 'లక్ష్మి' అన్న పేరు క విడిగా, పొల్లు విడిగా, ష విడిగా చెల్లాచెదురైపోతుంది. తెలుగు రానివాడికి అదీ అందంగానే కనిపిస్తుంది. అమ్మ పేరు జీవితాంతం విరిగిపోయి ఉంటుంది. విరుగుడేమిటంటే పేరును టైపు చేసి పంపకూడదు. కాగితం మీద రాసో, సరిగా వచ్చిన అక్షరాలను బొమ్మగా మార్చో పంపాలి.

రెండో చిక్కు కాలం తెచ్చేది. చర్మం పైపొర దాదాపు నెలకోసారి మారిపోతుంది కనుక సిరాను దాని కింది పొర అయిన డెర్మిస్‌లోకి, మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లోతుకు దింపుతారు. అక్కడ మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు ఆ రంగును శత్రువనుకుని మింగేస్తాయి, అరిగించుకోలేవు. ఆ కణం చచ్చాక బయటపడ్డ రంగును పక్క కణం మింగుతుంది. పచ్చబొట్టు నిలిచేది ఈ మింగుడు వారసత్వం వల్లేనని 2018లో ఫ్రాన్సులోని మార్సేయి శాస్త్రజ్ఞులు ఎలుకల మీద నిరూపించారు. ఏళ్లు గడిచేకొద్దీ గీత కాస్త లావెక్కుతుంది. ఇంగ్లీషు అక్షరాలు తట్టుకుంటాయి. మనవి గుండ్రాలు, సందులు, చుక్కలు. ప తల మీది సందు పూడిపోతే పద్మ కాస్తా వద్మ అవుతుంది. థ కడుపులో చుక్క అంచుకు అతుక్కుంటే ఏ అక్షరమో బ్రహ్మకే తెలియాలి. "చిన్నగా, క్యూట్‌గా" అని అడిగినప్పుడు, అక్షరం ఎత్తు పెంచమని ఆర్టిస్టు పట్టుబడితే అది చదరపు అంగుళాల మీద ఆశతో కాదు.

ప్లేస్‌మెంట్ అనగా చోటు. వేళ్ల మీద, అరచేతి అంచున తొందరగా చెరిగిపోతుంది. పక్కటెముకల మీద నొప్పి ఎక్కువ. వీటికంటే ముఖ్యమైనది ఉద్యోగం. కేంద్ర సాయుధ పోలీసు బలగాల వైద్య నియమాల ప్రకారం పచ్చబొట్టు సెల్యూట్ కొట్టని ఎడమ ముంజేతి లోపలివైపునో, చేతుల వెనకభాగానో మాత్రమే ఉండాలి. ఆ అవయవ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. కుడిచేతి మీద అంగుళం అంగుళానికీ సింహాన్ని దింపుకున్నాక నోటిఫికేషన్ చదవడం వరస తప్పిన పని.

"అడ్వాన్స్ నాన్ రిఫండబుల్." గ్రంథం మొత్తంలో అతి వివాదాస్పదమైన సూత్రం. పూర్వపక్షి ఇలా అంటాడు: బొమ్మ చూపించకుండా డబ్బు తీసుకోవడమేమిటి, నచ్చకపోతే? సిద్ధాంతం ఇలా ఉంది. ఆ డబ్బు సూదికి కాదు, గీతకు. డిజైన్ గీయడానికి ఆర్టిస్టుకు గంటలు పడతాయి, ఒక్కోసారి రోజులు. ముందే పంపితే కస్టమరు స్క్రీన్‌షాట్ తీసి, పక్కవీధిలో సగం ధరకు ఒత్తించుకుంటాడు. జరగని ముచ్చట కాదిది. అందుకే చాలామంది డిజైన్‌ను ముందురోజో, ఆ రోజు పొద్దుననో చూపిస్తారు. రెక్క కొంచెం కిందికి, పువ్వు కొంచెం చిన్నది అన్న సవరణలు ధరలోనే కలిసి ఉంటాయి. నెమలి అని చెప్పి గీయించి, చూశాక "శివుడైతే బాగుంటుందేమో" అంటే అది కొత్త అడ్వాన్సుకు కొత్త పద్యం. కట్టిన సొమ్ము చివరి బిల్లులో తగ్గుతుంది. ముందుగా చెబితే తేదీని ఒకసారి జరపనిచ్చేవాళ్లూ ఉన్నారు. ఎన్నిసార్లు, ఎన్ని రోజుల ముందు అన్నది డబ్బు పంపకముందే రాతలో అడగాలి. టూరిస్టు ఊళ్లో శనివారం స్లాటు ఖాళీ పోతే మళ్లీ నిండదు. రాత్రి రాక్ బీచ్ దగ్గర కూర్చుని మనసు మార్చుకునేవాళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది.

"బాగా తినండి." ఖాళీ కడుపుతో సూది కిందికి వస్తే కళ్లు తిరుగుతాయి. వైట్ టౌన్ కాఫీ షాపులో ఒక క్రొయ్‌సాఁ కొరికి రావడం తినడం కిందికి రాదు. ఇడ్లీ, పొంగలి దొరికే ఊరిది.

"నో ఆల్కహాల్." ఇతర ఊళ్లలో ఇది సలహా, పుదుచ్చేరిలో శాసనం. ధైర్యానికి ఒక్క పెగ్గు అనేవాడికి రెండు జవాబులు. మందు పడ్డ ఒంట్లో రక్తం ఎక్కువగా ఊరి సిరాను వెనక్కి నెడుతుంది, గీత అతుకులబొంత అవుతుంది. రెండోది, తాగినవాడి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. తెల్లారాక "నేనెప్పుడు అడిగాను?" అనే కస్టమరును ఏ ఆర్టిస్టూ కోరుకోడు. వాసన తగిలితే వెనక్కి పంపేస్తారు, అడ్వాన్సు తిరిగిరాదు. ముందురాత్రి తాగిందీ లెక్కలోకే వస్తుంది. నొప్పికి జడిసేవాళ్లకు లిడొకైన్ కలిసిన మొద్దుబార్చే క్రీము ఉంది. అయితే అది చర్మం పోకడను మారుస్తుంది కనుక ముందే చెప్పి, అతను సరేనంటేనే.

మూలంలో చెప్పనిది ఒకటుంది, అధ్యాహారం చేసుకోవాలి: సూది. ప్యాకెట్ కళ్లముందే విప్పాలి, దాని మీద శుద్ధి చేసిన తేదీ, గడువు చూసుకోవాలి. సిరాను సీసాలోంచి చిన్న కప్పులోకి ఒంపాలి, మిగిలింది పారబోయాలి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. తిరునాళ్లలో బ్యాటరీ మిషను పెట్టుకుని ఒకే సూదితో పదిమందిని పొడిచేవాడి దగ్గరి భయమంతా అదే. 1823లో ఫ్రెంచివాళ్లు పెట్టిన వైద్య పాఠశాల నుంచి ఎదిగిన జిప్మర్ ఈ ఊళ్లోనే ఉంది. అక్కడైనా, దేశంలో ఇంకెక్కడైనా పచ్చబొట్టు పొడిపించుకున్న ఏడాది దాకా రక్తదానానికి వద్దంటారు.

సూదికి ముందు స్టెన్సిల్. ఊదారంగు గీతలు చర్మం మీద దిగుతాయి. పడుకుని కాదు, నిలబడి, చెయ్యి మామూలుగా వేలాడదీసి అద్దంలో చూసుకోవాలి. వంకరగా ఉంటే తుడిచేసి మళ్లీ వేస్తారు, మొహమాటపడరాదు. తప్పులు దిద్దుకోవడానికి ఆఖరి అవకాశం ఇది. ఒత్తు, సున్న, దీర్ఘం వేలు పెట్టి చదవాలి. అద్దంలో అక్షరాలు తిరగబడతాయి కనుక ఆ చదవడం అద్దంలో పనికిరాదు.

"రెండు వారాలు బీచ్ వద్దు." సూది దిగిన చోటు అలంకారం కాదు, గాయం. పైపొర మూసుకునేందుకు రెండు నుంచి మూడు వారాలు పడుతుంది కనుకనే 'మూడు' పాఠం మేలన్నది. ఈలోపు స్నానం సరే, నానడం కూడదు. సముద్రం, ఈతకొలను, రిసార్టు టబ్బు ఒకే కోవ. ఎండ కూడా పడదు. అతి అనుకునేవాళ్లకు 2017లో బీఎంజే కేస్ రిపోర్ట్స్‌లో అచ్చయిన ఒక రోగి చరిత్ర ఉంది. 31 ఏళ్ల మనిషి పచ్చబొట్టు వేయించుకున్న ఐదో రోజున గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈతకు దిగాడు. విబ్రియో వల్నిఫికస్ అనే ఉప్పునీటి బ్యాక్టీరియా సోకింది. అతనికి కాలేయ జబ్బు ముందునుంచీ ఉంది. రెండు నెలల తర్వాత చనిపోయాడు. అందరికీ అలా అవుతుందని కాదు. కాలేయం సంగతి తనకు తెలుసని ప్రమాణం చేయగల టూరిస్టులు మాత్రం తక్కువ.

ఈ సూత్రం వల్ల పుదుచ్చేరి యాత్రాక్రమం తిరగబడుతుంది. వీడియో కాల్‌లో కన్సల్టేషన్ నెల ముందే ఇంటినుంచి. శనివారం పొద్దున చున్నంబార్ నుంచి పడవెక్కి ప్యారడైజ్ బీచ్, లేకపోతే సెరెనిటీ బీచ్, తృప్తితీరా ఉప్పునీళ్లు. ఎండకు కాలిపోయిన చర్మం మీద ఆర్టిస్టు సూది పెట్టడు కనుక, పొడిపించుకోవలసిన చేతికి చొక్కా తప్పనిసరి. శనివారం రాత్రి మజ్జిగ. ఆదివారం సూది. ఆదివారం సాయంత్రం ఆరు దాటితే గౌబెర్ అవెన్యూ మీద బండ్లు ఆపేస్తారు. గాంధీ విగ్రహం దాకా నడిచి సముద్రాన్ని చూడవచ్చు, తాకకూడదు. మూడు కోరికల్లో మందుకు చోటేదీ అని అడిగితే, ఈ యాత్రలో లేదు. తాజా గాయంతో రాత్రి బస్సు ప్రయాణం ఉంది మరి. కిటికీ సీటైతే పొడిపించుకున్న చెయ్యి లోపలివైపుకుండాలి, కర్టెన్‌కు రాసుకోకూడదు.

"టచప్ ఫ్రీ." నెలా రెండు నెలలకు, పూర్తిగా మానాక, సిరా నిలవని చోట మళ్లీ ఒకసారి సూది. పొక్కు గిల్లినందువల్ల పోయిన రంగు కొందరి దగ్గర ఈ ఉచితంలోకి రాదు. ఫ్రీ అన్నది సూదికి, హైదరాబాదు బస్సు టికెట్టుకు కాదు. ఆర్టిస్టు ముందు ఫొటో పంపమంటాడు. పగటి వెలుగులో, ఫిల్టరు లేకుండా, నూనె రాయకుండా తీసి పంపాలి. ఆ ఫొటో చూసి రావాలో అక్కర్లేదో అతనే చెబుతాడు. రమ్మంటే అదే నంబరుకు మళ్లీ డేటు అడగాలి, ఈసారి అడ్వాన్సు ఉండదు.